కల్వర్టు మీద బర్రె

సూరత్‌లోని బమ్రోలిలో గది ఇరుకై, నగరం దాటాక వచ్చే ఒక చిన్న పల్లెకు మారాం. మా ఆయన అక్కడి నుంచే సాంచాల పనికి, అంటే మరమగ్గాలు నడపడానికి, వెళ్లొచ్చేవాడు. ఊరికి పడమర చెరకు తోటలు, తూర్పున వాగు. దాన్ని అక్కడ ఖాడీ అంటారు. అందులో అద్దకం మిల్లులు వదిలే నీళ్లు ఒకరోజు ఊదాగా, ఒకరోజు పసుపుగా పారేవి. కల్వర్టు దాటితే పక్క ఊరు, వాగు వెంట ఇంకా దిగువకు పోతే మూడో ఊరు.

వానాకాలంలో ఒక బర్రె ఆ కల్వర్టు మీద చచ్చిపడింది. నాదని ఎవరూ రాలేదు. మర్నాటికి పొట్ట ఉబ్బి, కళ్లనిండా పురుగులు. రెండూళ్ల పెద్దలూ ముక్కులకు రుమాళ్లు కట్టుకుని వచ్చారు. తల మా వైపు, వెనకకాళ్లు వాళ్ల వైపు ఉన్నాయి. సరిహద్దు ఎక్కడ, దాన్ని ఏ ఊరు తీయాలి అన్నది వాళ్ల తగువు. ఎవరో చాయ్ తెస్తే, రుమాళ్లు కిందికి జరిపి అక్కడే నిలబడి తాగారు. అది చూసి నేను రోడ్డు పక్కన కక్కుకున్నాను.

నాతో వచ్చిన అత్తమ్మ మాత్రం కదల్లేదు.

"ఏంది బిడ్డా గిది? తల మీది, తోక మాది అని పంచుకుంటున్నరా? గుంత తవ్వుమను. మీద జల్లి పూడ్చెతందుకు ఉప్పు నేను దెస్త."

ఆ మాట హిందీలో చెప్పాను. గుంతకు తన పొలం ఇచ్చేవాడు లేడన్నారు. చివరికి రెండూళ్లూ ఒక్కమాట మీదికి వచ్చాయి. ట్రాక్టరుకు తాడు కట్టి లాగి, బర్రెను వాగులోకి తోసేశారు. అది తిరగబడి, కాళ్లు పైకి లేపుకుని దిగువకు కొట్టుకుపోయింది. ఒకతను చప్పట్లు కొట్టాడు.

మరునాడు పొద్దున్నే అత్తమ్మ ఉప్పు సంచి నెత్తిన పెట్టుకుని బయలుదేరింది. వద్దన్నా వినలేదు, వెంట నేనూ నడిచాను. మూడో ఊళ్లో, ఆడవాళ్లు బట్టలుతికే రాళ్ల దగ్గర బర్రె తట్టుకుని ఉంది. తోలు ఊడి వస్తోంది. మగవాళ్లు పొడవాటి వెదుళ్లతో దాన్ని ఇంకా కిందికి నెడుతున్నారు. గుంత తవ్వితే ఉప్పు మేమిస్తామన్నాను. ఒకావిడ నవ్వి, కింద ఇంకో ఊరుంది కదా అంది. బర్రె కదలగానే ఆ రాళ్ల మీదే బట్టలు పరిచింది.

"పా బిడ్డా," అంది అత్తమ్మ. "వీళ్లకు చెప్పి లాభం లేదు."

 ఇంటికొచ్చి ఇద్దరం తలస్నానం చేశాం. ఆ పూట వండిన అన్నం గిన్నెలోనే ఉండిపోయింది.