ఏడు కానుగ చెట్లు

నాకు పిచ్చి పడితే ఊరంతటికీ తెలియాల్సిందే. ఆ ఏడాది పట్టింది కానుగ నూనె పిచ్చి. నెల్లూరులో రైతుల శిక్షణకు వెళ్లి, కానుగ గింజల నూనెతో ఇంజను నడుస్తుందని విన్నాను. కొడవలూరు బస్సులో సీటు ఖాళీగా ఉన్నా కూర్చోలేదు, అంత సంబరం. మా కాలువ గట్టు మీద ఏడు కానుగ చెట్లున్నాయి మరి! వచ్చే ఎండాకాలం నీళ్లు తోడే మా పాత డీజిల్ ఇంజనును సొంత నూనెతో నడిపిస్తానని పొదుపు సంఘంలో అందరి ముందూ గొప్పలు పోయాను.

మా అత్త మాత్రం మురిసిపోలేదు. ఏటా నాట్లకు ముందు ఆ చెట్ల కొమ్మలే నరికి, దమ్ము చేసిన మడిలో పరిచి, కాళ్లతో తొక్కుతాం. ఆ పచ్చి రొట్టే మా ఎరువు.

"రొట్ట లేకపోతే మడికేం పెడతావమ్మే?" అంది.

"కొమ్మ నరికితే కాయ పోతాది కదత్తా!" అని బతిమాలాను. చివరికి మూడు చెట్లు మడికి, నాలుగు నా ఇంజనుకు అని ఒప్పుకుంది.

తొక్కే రోజు వచ్చింది. సన్నటి వాన, మోకాలి లోతు బురద. ఒకరి భుజం ఒకరు పట్టుకుని పదిమంది ఆడవాళ్లం తొక్కుతుంటే, ఒకరు జారితే వరసంతా కూలబడేది. నవ్వలేక చచ్చాను. మూడు చెట్ల కొమ్మలూ అయిపోయాయి, పక్క మడి ఇంకా ఖాళీ. "ఇంకా రొట్ట!" అని అరిచారు. ఆ ఊపులో కొడవలి పట్టుకుని గట్టెక్కింది ఎవరనుకున్నారు? నేనే! నాలుగో చెట్టు, ఐదో చెట్టు, ఆరో చెట్టు. పచ్చి కాయలతో సహా నరికి విసిరాను.

ఏడో చెట్టు కింద మా అత్త కూర్చుని ఉంది.

"దీని మీద చెయ్యేసినావంటే చూడు. ఇది నీ ఇంజనుది."

అప్పుడు గుర్తొచ్చింది. బురద మొహంతో అక్కడే కూలబడి ఏడ్చాను. ఏడుస్తుండగానే మళ్లీ నవ్వొచ్చింది.

ఎండాకాలం ఆ ఒక్క చెట్టు గింజలే ఏరి గానుగాడించాం. వచ్చింది ఒక క్యాను నూనె. సంఘమంతా ఇంజను చుట్టూ చేరింది. డీజిల్‌తో స్టార్ట్ చేసి, వేడెక్కాక కానుగ నూనెకు మార్చాం. రెండుసార్లు దగ్గింది, ఆగిపోతుందనుకున్నాను. అంతలో దడదడా అందుకుంది. నీళ్లు దూకాయి, నేనూ వాటిలోకి దూకాను.

అత్త అటు చూడనే లేదు. నూనె తీయగా గానుగలో మిగిలిన పిండి మూటను ఎరువుకని మడి వైపు ఈడుస్తోంది.

"నూనె నీకు, పిండి మడికి. వచ్చే ఏడాది నాలుగు చెట్లూ ఉంచుతా," అంది. "కొడవలి మాత్రం నీ చేతికియ్యను."

తడి చీరతోనే వెళ్లి మూట రెండో కొస పట్టుకున్నాను.