నాయన గొంతు, నా ఫోను

హిందూపురంలో డిజిటల్ మార్కెటింగ్ చేస్తానని చెబితే, అదేదో బెంగళూరు నుంచి దిగుమతి చేసుకున్న విద్య అనుకుంటారు మా చుట్టాలు. నాకు ఒళ్లు మండుతుంది. మా ఇంట్లో ప్రచారం నేను పుట్టకముందు నుంచీ ఉంది. మా నాయన మైకు ఆటో మనిషి. ఆటో మీద రెండు గొట్టాల లౌడ్‌స్పీకర్లు, వెనక సీట్లో బ్యాటరీ, చేతిలో మైకు. కొత్త అంగడి తెరిచినా, సర్కసు దిగినా, కరెంటు బిల్లు కట్టే గడువు దగ్గరపడినా, హిందూపురం నుంచి రొద్దం దాకా జనానికి ఆయన నోటి ద్వారానే తెలిసేది.

సెలవుల్లో నేనూ ఎక్కేదాన్ని. పెనుకొండ వీధుల్లో ఆటో మెల్లగా పోతుంటే, నాయన ధర్మవరం చీరల గొప్పలు చెబుతూ చెబుతూ టక్కున ఆగేవాడు. అరుగు మీద తెలిసినవాళ్లు కనపడ్డారన్న మాట. ఇక మైకు పక్కన పెట్టకుండానే పలకరింపు. "ఏమవ్వా, కడుపు నొప్పి తగ్గిందా?" అని ఒకసారి వీధి వీధంతటికీ వినిపించాడు. పాపం ఆ ముసలమ్మ కొంగుతో మూతి కప్పుకుని లోపలికి పరుగు. నాకైతే తల కొట్టేసినట్టయింది. నాయనకు మాత్రం అదే పద్ధతి. మనిషిని పలకరించకుండా సరుకు మాట ఎత్తడం మర్యాద కాదనేవాడు.

తర్వాత కేబుల్ టీవీ వచ్చింది. సినిమా నడుస్తుంటే తెర కింద అక్షరాలు జారిపోతుండేవి. ఎవరి పాపకో పుట్టినరోజు శుభాకాంక్షలు, బంగారు అంగట్లో తగ్గింపు, తప్పిపోయిన ఎనుము, అన్నీ ఒకదాని తోక పట్టుకుని ఒకటి. మేం సినిమా వదిలేసి అదే చదివేవాళ్లం. ఆ తర్వాత ఫోన్లకు మెసేజ్‌లు మొదలయ్యాయి. ఇప్పుడంటే విసుక్కుంటాం గానీ, అప్పుడు మెసేజ్ వస్తే ఎవరో మనల్ని గుర్తు పెట్టుకున్నారని మురిసిపోయేవాళ్లం. మా అవ్వ తన ఫోనుకు వచ్చిన బట్టల అంగడి ఆఫరును నాచేత రెండుసార్లు చదివించుకుని, ఇప్పుడేమీ వద్దని జవాబు రాయమంది. పాపం, వాళ్లు ఎదురుచూస్తుంటారట. ఆ రోజులు తలచుకుంటే ఇప్పటికీ ప్రాణం లాగుతుంది.

ఆ మీదట పేజీలు, లైకులు, గ్రూపులు, స్టేటస్‌లు, ఇప్పుడు రీల్స్. ఎర్రమంచి కార్ల ఫ్యాక్టరీ చుట్టుపక్కల ఉండే, పెళ్లి చేసుకోబోయే వాళ్లకే పట్టుచీర కనపడేట్టు నేను కుర్చీలోంచి కదలకుండా చేయగలను. పెళ్లి సంగతి ఫోనుకు ఎట్లా తెలుస్తుందని నాయన అడిగాడు. వాళ్లు ఫోనులో ఏమేం వెతుకుతున్నారో చూసి పసిగడుతుందని చెప్పాను. ఇంటి ముందు పందిరి చూసి తెలుసుకునే మనిషి ఆయన.

ఈసారి పెళ్లిళ్ల కాలానికి ముందు ధర్మవరంలో ఒక చీరల అంగడి సావుకారి నన్ను పిలిపించాడు. మిగతా అంగళ్లన్నీ ఒక్కొక్కటే మానేశాక, నాయన ఆటో తిరుగుతున్నది ఈయన ఒక్కడి కోసమే. ఇక ఆటో వద్దనీ, అంతా ఫోన్లలోనే చేసిపెట్టమనీ అన్నాడు. అంటే నాయనకు మిగిలిన ఒక్క పనీ పోతుంది, అదీ నా చేతికే వస్తుంది. మర్నాడు పోయి, ఈ చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ తెలిసిన గొంతు మా నాయనది, వీడియోలకు ఆయనచేతే చెప్పిద్దామని పట్టుబట్టాను. సావుకారి సరేనన్నాడు. ఎట్లాగైనా నాయన పనిలో ఉండాలి, అంతే నా ఆశ.

ఆఫీసు గదిలో తలుపులు వేసి, ఫోను ఎదురుగా పెట్టి చెప్పమన్నాను. గొంతు సవరించుకున్నాడు. నీళ్లు తాగాడు. మళ్లీ సవరించుకున్నాడు. వీధులకు వీధులు లేపిన మనిషికి గోడను చూసి చెమటలు పట్టాయి.

"ఎవురికి చెప్తాండానో కనపడల్యా పాపా," అన్నాడు.

సరే పదమని ఆటోలోనే ధర్మవరం తీసుకుపోయాను. మగ్గాల చప్పుడు వినిపించే వీధిలో నలుగురు ఆడవాళ్లు ఎదురయ్యారో లేదో, గొంతు ఖంగున లేచింది. రండమ్మా రండి, తగ్గింపు ధరలకు ఈ రోజే ఆఖరి రోజు అన్నాడు. మైకు ఆటో వాళ్ల అలవాటు అది. ఏ రోజు తిరిగితే ఆ రోజే ఆఖరి రోజు. తేదీ చెప్పడం వాళ్ల శాస్త్రంలో లేదు, నాకూ తట్టలేదు. నేను తీసిన వీడియోలో మధ్యలో ఆయన ఆగిన చోట్లూ, పలకరింపులూ మాత్రం కత్తిరించే యాప్ దానంతటదే తీసేసింది. క్షణం ఖాళీ ఉంటే చాలు, జనం వేలితో పైకి తోసేసి పోతారు మరి.

రీలు బ్రహ్మాండంగా ఆడింది. ఎక్కడెక్కడో ఉన్నవాళ్లు మా చిన్నప్పటి గొంతు అని రాశారు. ఒక్కో కామెంటూ చదివించుకుని నాయన పసిపిల్లాడిలా మురిశాడు. సావుకారి ఆయనకంటే ఎక్కువ మురిశాడు. ఆ మురిపెంలో ఆ గొంతును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి, ఒక కిరాయి ఆటోకు తగిలించి ఊళ్ల మీదికి వదిలాడు. డ్రైవరుంటే చాలు, చెప్పే మనిషి అక్కర్లేదు. పెళ్లిళ్లు అయిపోయాయి, ఆషాఢం వచ్చింది, ధర్మవరంలో ఇంకా రోజూ ఆఖరి రోజే. నేను పోయి తగాదా పడ్డాను. కనీసం మళ్లీ ఒకసారి కొత్తగా చెప్పించుకోమన్నాను. బాగానే పలుకుతోంది కదా, మళ్లీ ఎందుకు అన్నాడా పెద్దమనిషి.

మొన్న సాయంత్రం ఆ ఆటో హిందూపురంలో మా వీధికే వచ్చింది. నాయన వాకిట్లో కుర్చీ వేసుకుని ఉన్నాడు. వింటే మనసు కష్టపెట్టుకుంటాడని లోపలికి రమ్మన్నాను. ఉండమని చెయ్యెత్తాడు. ఆటో మా ఇల్లు దాటి, ఎదురింటి అరుగు మీదివాళ్లను దాటి, చెప్పుకుంటూ చెప్పుకుంటూ మలుపు తిరిగిపోయింది. ఆయన తల వంచి ఆఖరి మాట దాకా విన్నాడు. ఏదో ఒకటి అనాలి కదా, గొంతు బాగుంది నాయనా అన్నాను.

"గొంతు బాగానే ఉండాది పాపా. నేను ఊపిరి తీసుకున్న తావులన్నీ కోసేసినారు," అన్నాడు. నా వైపు తిరిగాడు. "అట్ల ఆపకుండా చెప్తా పోతే మనిషి బతుకుతాడా?"