నీళ్లు లేని రోజు తడిసిన వరండా

ఎవరైనా దయ్యాల కబుర్లు ఎత్తితే లేచి వెళ్లిపోయే రకం నేను. లెక్కల్లో పరిశోధన చేసినదాన్ని. రుజువుంటే చూపించమంటాను, లేకపోతే ఊరుకోమంటాను. అలాంటిదాన్ని ఇది రుజువు లేకుండా చెప్పాల్సి వస్తున్నందుకు నా మీద నాకే చిరాగ్గా ఉంది.

మా అమ్మ గుంటూరులో ఒక ఆస్పత్రిలో ఆయా. రోజూ నల్లపాడు నుంచి వెళ్లి వార్డులు, వరండాలు తుడిచేది. యూనివర్సిటీలో నేను చేసేది మ్యాపింగ్ అని చెబితే ఆమెకు మాపింగ్ అని, అంటే నేల తుడవడమని వినబడింది. ఇక చర్చిలో అందరికీ ఒకటే చెప్పడం.

"మా పిల్లది కూడా నా పనే. కాకపోతే పెద్ద కాలేజీలో చేస్తది."

"ఫినాయిల్ వాళ్లే ఇస్తారా అమ్మాయ్?" అని నన్ను ఆట పట్టించేవాళ్లు. ఎన్నిసార్లు సరిదిద్దినా అమ్మ వింటేగా!

నా పని ఇదీ. కాగితం మీద ఒక ఆకారం ఉంటుంది. దాన్ని సాగదీసి మరో ఆకారంలో అమర్చాలి. అలా సాగదీస్తే లోపలి చిన్న సున్నాలు కోడిగుడ్డులా మారతాయి. ఆ సాగుడు ఎక్కడా మితిమీరకూడదు, వీలైనంత తక్కువలో పని జరగాలి. నా ఆకారానికి ఒక మలుపుంది. ఆ మూల దగ్గర సాగుడు తగ్గిస్తే ఇంకోచోట పెరిగేది. అక్కడే ఏళ్ల తరబడి ఇరుక్కుపోయాను.

ఇంతలో కామెర్లతో అమ్మ పోయింది. నాకు పని మీద మనసు పోలేదు. ఈ వేసవిలో తేల్చకపోతే ఇక మానేయమన్నారు మా గైడు గారు. మానేద్దామనే అనుకున్నాను, ఏడ్చాను కూడా.

ఆ మే నెలలోనే వదినను పురుడు కోసం అదే ఆస్పత్రిలో చేర్చాం. ఆ రోజు పొద్దుటి నుంచి కుళాయిలు రాలేదు, ట్యాంకరూ రాలేదు. తాగే నీళ్లు మేం ఇంటి నుంచే తెచ్చుకున్నాం. మధ్యాహ్నం మందుల కోసం వెళుతూ వరండా మలుపు దగ్గరికి వచ్చాను.

"ఓరగా పోమ్మా, ఓరగా!"

తడి నేల తొక్కబోయేవాళ్లను చూసి అమ్మ అలాగే అరిచేది. వెనక్కి చూసేలోపే అలవాటుగా నా కాళ్లు గోడ వైపు జరిగాయి. వెనక ఎవరూ లేరు. కింద చూస్తే నేలంతా తడి, ఫినాయిల్ వాసన.

పక్కకు జరిగాను కాబట్టి కిటికీ వెలుతురులో ఆ తడి మరకలు స్పష్టంగా కనిపించాయి. అన్నీ కోడిగుడ్డు ఆకారమే. కొన్ని చిన్నవి, కొన్ని పెద్దవి. కానీ పొడవుకూ వెడల్పుకూ ఉన్న నిష్పత్తి అన్నింటిలోనూ ఒక్కటే. వరండా తిరిగిన చోట వాటి వాలు తిరిగింది, అంతే. మూల దగ్గర కూడా సాగుడు ఎక్కువ లేదు, తక్కువ లేదు.

నాకు భయం వేయలేదు. అమ్మా అని ఏడుపొచ్చింది.

సాగుడంతా ఆ మూల నుంచి తోసేయాలని చూశాను ఇన్నాళ్లూ. అంతటా సమానంగా పంచి, దిక్కు మాత్రం మారుస్తూ పోవాలి. సులువైన ఆకారాలకు ఇది పుస్తకాల్లో ఉన్న సంగతే. నా వంకర ఆకారానికి పనికిరాదని నేనే తీర్మానించేసుకున్నాను.

ఇంతలో నర్సమ్మ వచ్చి ఆగిపోయింది. "ఎవరమ్మా తుడిచింది? పొద్దుటి నుంచి చుక్క నీళ్లు లేవు గదా!"

ఆయాలందరినీ పిలిచి అడిగింది. అందరూ మేం కాదన్నారు. ఈలోగా నేల ఆరిపోయింది. సాయంత్రం వదిన ఒళ్లో ఆడపిల్లతో, నా చుడీదార్ అంచు దగ్గర ఫినాయిల్ కంపేమిటని ముక్కు మూసుకుంది.

నేను మానలేదు. ఆ తర్వాత నెలల తరబడి కుస్తీ పట్టాను, రుజువు కుదిరింది. డాక్టరేటు వచ్చింది.

గొంతు వినబడటం నా బెంగే కావచ్చు, ఒప్పుకుంటాను. మరి నర్సమ్మ చూసిన తడి? ఆ నీళ్లు ఎక్కడివి? ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ పుట్టిన పిల్ల ఇప్పుడు బడికి వెళుతోంది. "అత్తా, నువ్వేం పని చేస్తావు?" అని అడిగితే మాపింగ్ అని చెప్పాను. బళ్లో అందరికీ అలాగే చెప్పిందట. నేను సరిదిద్దలేదు.