వేపతొర్రలో బాలింత

రోజూ పొద్దున్నే పాల ప్యాకెట్లు కత్తిరించే ముందు సీతామహాలక్ష్మి గారు వంటింటి కిటికీ తెరిచి పావురాలను తిట్టేవారు. ఎదురు మేడ నీళ్ళ ట్యాంకు మీద వరసగా కూర్చున్న వాటిని చూసి, "పనీ లేదు, పాటూ లేదు. తెల్లారకుండానే ఆ మూలుగుడేంటి?" అనేవారు. హాస్టల్లో ఆడపిల్లలకు ఆ మాటతోనే తెల్లవారేది.

అమీర్‌పేటలో, కోచింగ్ సెంటర్లుండే మైత్రీవనం వెనక సందులో ఉండేది ఆవిడ నడిపే ఆ హాస్టల్. సాఫ్ట్‌వేర్ ఉద్యోగాల కోసం ఊళ్ళకు ఊళ్ళు కదిలి వస్తున్న రోజులవి. నేను తెలుగు ఎమ్మే చదివి ఊరికే ఉన్నాను గానీ, నాతో ఉన్నవాళ్ళంతా జావా, ఒరాకిల్ నేర్చుకునేవాళ్ళే. సందులో ఏ గోడ ఏ రంగో తెలియనంత దట్టంగా కోర్సుల కాగితాలు అంటించి ఉండేవి.

ఆవిడది భీమవరం దగ్గర పల్లె. భర్త రామ్మోహనరావు గారికి ఎర్రమంజిల్‌లో ఉద్యోగం కావడంతో ఇక్కడ స్థిరపడ్డారు. ఊరి మీద బెంగ ఉందని ఎప్పుడూ అనలేదు గానీ, మామిడి పూత కాలం వచ్చేసరికి ఇంట్లో నిలవలేకపోయేవారు. పంజాగుట్టలో సుగ్రా బీ గారి తోటకు వెళ్ళాల్సిందే. ఆ ఇద్దరి స్నేహం కూరగాయల బండి దగ్గర చింతచిగురు బేరంలో మొదలైంది. సుగ్రా బీ మామగారి కాలం నాటి బంగళా, దాని చుట్టూ పెద్ద తోట, తోట చుట్టూ కొత్తగా లేచిన అపార్ట్‌మెంట్లు.

ఆ ఏడు ఉగాదికి ముందు ఆదివారం ఆవిడ నన్ను కూడా వెంట తీసుకెళ్ళారు. వేప్పువ్వు రాల్చుకోవడానికి ఉతికిన పాత దుప్పటి చంకలో పెట్టుకున్నారు. నగరంలో వేపచెట్లకు కరువు లేదు. కానీ బస్సుల పొగ తిన్న పువ్వు పచ్చడికి పనికిరాదని ఆవిడ పట్టుదల.

ఇనప గేటు దాటగానే రోడ్డు మోత సగానికి తగ్గింది. దారికి అటూ ఇటూ కానుగ చెట్లు. రాలిన పూలు మరమరాలు ఒలకబోసినట్టు దారంతా పరుచుకుని ఉన్నాయి. వాటిని తొక్కకుండా నడవడం కుదరదు. ఆవిడ చెప్పులు విడిచి చేత పట్టుకున్నారు.

ఎర్ర బూరుగకు ఒక్క ఆకు లేదు, అన్నీ పూలే. గోరింకలు పువ్వుల్లో తలలు దూర్చి తేనె తాగుతూ, మధ్యమధ్య పోట్లాడుకుంటున్నాయి. కింద పడిన పువ్వు ఒకటి తీసి ఆవిడ నా అరచేతిలో పెట్టారు. మందంగా, చల్లగా, బరువుగా ఉంది. బావి పక్క గుండ్రాళ్ళ మీద ఒక తొండ మెడ ఎర్రగా చేసుకుని దండీలు తీస్తోంది.

"బేగంపేటలో జిమ్ముకి డబ్బు కడుతున్నారు పిచ్చివాళ్ళు. వీణ్ణి చూసి నేర్చుకోవచ్చుగా," అన్నారావిడ.

వేపచెట్టు తోట చివర, వెనక గోడ దగ్గర. సుగ్రా బీ అక్కడే మోడా వేసుకుని కూర్చుని ఉన్నారు. దుప్పటి పరిచి చిటారు కొమ్మను దోటితో మెల్లగా కదిపాం. పువ్వు జల్లులా పడింది. దానితోపాటు రావి పండ్ల తొక్కలు, గింజలు, పిట్టరెట్ట కూడా పడ్డాయి. ఆవిడ చిరాగ్గా తలెత్తారు. మాను మీద ఎత్తున పెద్ద తొర్ర. దాన్ని మట్టితో మెత్తేసి, మధ్యలో సన్నని చీలిక మాత్రం వదిలారు.

"సుగ్రా బీ! ఈ మేస్త్రీ ఎవరండీ? మూస్తే మొత్తం మూయాలి గానీ, మధ్యలో ఆ చీలికేంటి? చీమలు దూరవూ?"

సుగ్రా బీ నవ్వాపుకోలేకపోయారు. "మేస్త్రీ లోపల్నే ఉంది. నువ్వే అడుగు."

అంతలో కాకికంటే పెద్ద బూడిదరంగు పక్షి ఒకటి వచ్చి మానుకు అతుక్కుంది. వంకర ముక్కు, ముక్కు మీద చిన్న కొమ్ము. గొంతులోంచి ఒక్కొక్క రావిపండే పైకి తెచ్చి చీలికలోకి అందిస్తోంది. లోపలి నుంచి మరో ముక్కు కొస కనిపించి అందుకుంటోంది.

"కొమ్ముపిట్ట," సుగ్రా బీ గొంతు తగ్గించారు. "గుడ్లు పెట్టెటప్పుడు ఆడది లోపలికి పోయి తనే తలుపు మెత్తుకుంటది. లోపల రెక్కల ఈకలు సుత రాల్చుకుంటది. పిల్లలు జర పెద్దగయ్యేదాక మొగోడే తెచ్చి తినిపిస్తడు."

"మా ఆయన ఎదురుగా ఉన్న మజ్జిగ కూడా వంచుకోరు," అన్నారు సీతామహాలక్ష్మి గారు, ఆ మగపక్షి మీంచి చూపు తిప్పకుండా.

అప్పుడే సుగ్రా బీ కొడుకు దానిష్ వచ్చాడు. వెనకే ఎనిమిదో నెల కడుపుతో కోడలు సబా, చేతిలో చాయ్ పళ్ళెం.

"మంచిగ ఏరుకోండి ఆంటీ. ఇదే ఆఖరు. బుధవారం ఈ చెట్టు కొట్టిస్తున్నం," అన్నాడు దానిష్. బంగళా వెనక భాగం ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి అద్దెకిస్తున్నాడట. వాళ్ళ కార్లు పెట్టడానికి జాగా కావాలట.

"లోపల పిట్ట ఉందయ్యా! దానికి రెక్కలు కూడా లేవు!"

"పిట్టనే కద ఆంటీ."

ఆవిడ సబా వైపు చూశారు, దానిష్ వైపు చూశారు. "మా వైపు పెళ్ళాం కడుపుతో ఉంటే మొగుడు గుమ్మడికాయ కూడా కొట్టడు బాబూ. నువ్వేమో చెట్టే కొట్టిస్తానంటున్నావు."

"మా దగ్గర గుమ్మడికాయ కూరకే," నవ్వాడు దానిష్.

సుగ్రా బీ నవ్వలేదు. "పండ్లు ఇకిలించకు. మన దగ్గర సుత బాలింతను చిల్లా అయ్యేదాక, నలభై దినాలు, అర్ర దాటనియ్యం. అది గిప్పుడు చిల్లాల ఉంది. రేపు నీ పెండ్లాం సుత ఉంటది. అప్పుడెవడన్న వచ్చి గోడ కూలగొడ్తనంటే ఊకుంటవా?"

సబా పళ్ళెం గోడ మీద పెట్టి, "చెట్టు ముట్టొద్దు," అంది మొగుడితో.

దానిష్ తల గోక్కున్నాడు. "కంపెనీవాళ్ళు ఆగరు అమ్మీ. పోతే నేనేం చెయ్యాలె?"

సీతామహాలక్ష్మి గారు దుప్పటి కొసలు ముడివేసి, "ఒక్కమాట అడిగి చూడు నాయనా," అన్నారు. తిరుగుదారిలో చెప్పులు వేసుకోవడం మర్చిపోయారు. రోడ్డెక్కి కాళ్ళు కాలాక గుర్తొచ్చింది.

కంపెనీ ఆగలేదు. మాదాపూర్ వైపు వెళ్ళిపోయింది. ఆ సంగతి చెప్పడానికి దానిష్ హాస్టల్‌కి వచ్చాడు. "మీ పిట్ట నన్ను ముంచింది ఆంటీ," అన్నాడు. కోపంగా అనలేదు, అలసటగా అన్నాడు. ఆవిడ కాఫీ ఇచ్చి పంపించారు గానీ, ఆ రోజు పప్పులో ఉప్పు రెండుసార్లు పడింది.

మర్నాడు భర్తతో, బంగళా వెనక భాగం మనమే అద్దెకు తీసుకుని హాస్టల్ అక్కడికి మారుద్దామన్నారు.

"పిట్టకు పురుడు పొయ్యడానికి ఎవరైనా హాస్టల్ మారుస్తారా?" అన్నారు రామ్మోహనరావు గారు. "ఇక్కడ కిటికీలోంచి చెయ్యి చాపితే మైత్రీవనం తగులుతుంది. అంత దూరం ఏ పిల్లొస్తుంది?"

"ఆ మాట నిజమే," ఆవిడ ఒప్పుకున్నారు. "కానీ చెట్టు ఉంచమన్నది నేను. నా మాట విని ఆ అబ్బాయి నష్టపోతే నేను ఊరుకోనా?"

ఏప్రిల్ నెలాఖరుకు మారాం. సగం మందే వచ్చారు. మిగిలినవాళ్ళు అదే సందులో వేరే హాస్టళ్ళు చూసుకున్నారు. ఆ వేసవంతా పెద్ద అన్నం గిన్నె అటక మీదే ఉండిపోయింది. ఆవిడ ధైర్యంగానే మాట్లాడేవారు. మధ్యాహ్నాలు మాత్రం ఖాళీ మంచాల దుప్పట్లు ఊరికే దులిపి మళ్ళీ పరిచేవారు.

మే మొదట్లో సబాకి ఆడపిల్ల పుట్టింది. ఆమె ఇంకా చిల్లాలో ఉండగానే కొమ్ముపిట్ట మట్టిగోడ పగలగొట్టుకుని బయటికొచ్చింది. కొత్త ఈకలతో తడబడుతూ పక్క కొమ్మ మీద వాలింది. అందరం తోటలోకి పరుగెత్తాం. సబా కిటికీ దగ్గర పాపను భుజానేసుకుని, "గిదేంది అమ్మీ! నాకంటే ముందు దానికి ఛుట్టీ ఇచ్చిండ్రా?" అంది. సీతామహాలక్ష్మి గారు నవ్వబోయి, కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు.

కోర్సులు మారే జూలైలో మళ్ళీ పిల్లలు రావడం మొదలుపెట్టారు.

సీతామహాలక్ష్మి గారి హాస్టల్ ఇప్పుడూ అక్కడే ఉంది. బంగళాలో వంటిల్లు ఒక్కటే కావడంతో ఆవిడా, సుగ్రా బీ చెరో పొయ్యి మీద వండుకుంటున్నారు.