కాషాయానికి జరీ అంచు

పొద్దున దుకాణం షట్టరు ఎత్తగానే పద్మావతి చేసే మొదటి పని వాల్మీకి గడ్డం దువ్వడం. తర్వాత ద్రోణుడి గడ్డం, ఆ తర్వాత రాముడి జుట్టు. చిక్కు తగిలితే దువ్వెన పక్కన పెట్టి వేళ్లతో విడదీస్తుంది. గాంధీగారి రబ్బరు బోడిగుండును తడిగుడ్డతో తుడిచి వదిలేస్తుంది.

హిందూపురంలో మా వీధి మలుపున ఉంది ఆ దుకాణం. పండుగలకు, బడి వేడుకలకు పిల్లల వేషాలు అద్దెకిస్తారు. పద్మావతి పుట్టిల్లు ధర్మవరం. వాళ్ల నాయనకు పట్టుచీరల కొట్టు ఉండేది. చిన్నతనంలో ఆమె కళ్లు మూసుకుని చీర నిమిరి, జరీ ఎక్కడ మొదలైందో చెప్పేది. వచ్చినవాళ్ల ముందు ఆ ఆట ఆడించి ఆయన మురిసిపోయేవాడు. పెళ్లయి వస్తూ సారెతో పాటు ఒక సంచి నిండా పట్టుముక్కలు తెచ్చుకుంది. వాటితో కొడుకు శరత్‌కు కృష్ణుడి పంచె కుట్టింది. అది చూసి వీధిలో తల్లులు మాకూ కావాలన్నారు. దుకాణం అలా మొదలైంది. ఇప్పుడు గల్లా శరత్‌ది. పిల్లలకు వేషం కట్టేది కోడలు కస్తూరి. కుట్టు మాత్రం పద్మావతి ఎవరికీ వదల్లేదు.

నిరుడు పంద్రాగస్టు, కృష్ణాష్టమి పక్కపక్కనే వచ్చాయి. ఆ హడావుడిలో పద్మావతి కొత్తగా ఒక భరతమాత చీర కుట్టింది. పిల్లల చీరకు కుచ్చిళ్లు ముందే కుట్టేసి ఉంటాయి, నడుముకు బిగిస్తే చాలు. తెల్లబట్టకు పై అంచున కాషాయం రిబ్బను, కింది అంచున పచ్చ రిబ్బను వేస్తారు. జెండా పండుగ ముందురోజు మధ్యాహ్నం పెనుకొండ నుంచి ప్రీతి అనే రెండో తరగతి పిల్ల వాళ్లమ్మతో వచ్చింది. కస్తూరి చీర కట్టి, పైట భుజాన వేసింది. ప్రీతి అద్దంలో చూసుకుని మొహం చిన్నబుచ్చుకుంది.

“అవ్వా, పచ్చ పైకొచ్చింది. కాషాయం పైనుండల్లని మా టీచరు చెప్పింది.”

“యాడమ్మా?” అంటూ పద్మావతి వంగింది. చాలాసేపు చూసింది. రెండు రిబ్బన్లనూ వేళ్లతో తడిమింది.

కస్తూరి గొంతు తగ్గించి అడిగింది. “అత్తా, ఏ రంగు కనపడతాండాది నీకు?”

“రెండూ పొగ మాదిరే ఉండాయి మే. ఉగాది నుంచి ఇంతే.”

“మరి ఇన్నాళ్లూ ఎట్ల కుట్టినావు?”

“డబ్బాలో కాషాయం ఎడంపక్కన పెట్టుకుంటా. ఎవురో జరిపినారు.”

డబ్బా సర్దింది కస్తూరే. పండుగ రద్దీకి ముందు దుమ్ము దులిపి, రిబ్బన్లన్నీ చక్కగా పేర్చింది.

గల్లా దగ్గర నుంచి శరత్ అన్నాడు. “ఇంగ చాల్లే అమ్మా. బెంగళూరు పోయి రెడీమేడ్ తెస్తా. నువ్వు కూర్చోని గడ్డాలు దువ్వుకో.”

నవ్విద్దామనే అన్నాడు. పద్మావతి సూది గుచ్చుకోకుండా వేలికి పెట్టుకున్న ఇత్తడి తొడుగు తీసి డబ్బాలో వేసి, మూత పెట్టింది.

ప్రీతిని గాంధీ కళ్లద్దాలతో ఆడుకోమని బల్లమీద కూర్చోబెట్టి, కస్తూరి ఆ చీర రిబ్బన్లు రెండూ విప్పి, మార్చి కుట్టింది. పిల్ల నవ్వుకుంటూ వెళ్లింది.

కృష్ణాష్టమి వెళ్లాక కంటి డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. నరం దెబ్బతిన్నదని, చుక్కలు వేస్తే ఉన్న చూపు నిలుస్తుంది కానీ పోయినది తిరిగి రాదని ఆయన చెప్పాడు. ఆ తర్వాత పద్మావతి సూది ముట్టలేదు. పొద్దున దువ్విన గడ్డాన్నే సాయంత్రమూ దువ్వేది.

“వాల్మీకి బోడోడైపోతాడు అత్తా, వదిలిపెట్టు,” అంది కస్తూరి ఒకరోజు. అని, ఒక రిబ్బను ఆమె చేతిలో పెట్టింది. “ఇదేందో చెప్పు.”

పద్మావతి బొటనవేలు అంచు వెంట నెమ్మదిగా జరిగి ఆగింది. “జరీ.”

“కాషాయానికంతా సన్నంగా జరీ వేసినా. పచ్చకు వెయ్యల్యా.”

పద్మావతి రెండోది కూడా అడిగి తీసుకుంది. ఒకటి ఈ చేత, ఒకటి ఆ చేత పట్టుకుని చాలాసేపు నిమిరింది.

“సూదిలోకి దారం ఎవురెక్కిస్తారు?”

“నేనెక్కిస్తా.”

“నువ్వా? బారెడు దారం పెడతావు. రెండు కుట్లకే చిక్కుపడతాది.”

“మూరెడే పెడతాలే.”

“యాడుండాది నా తొడుగు?” అంది పద్మావతి.

కాషాయానికి జరీ వేయడం అందం కోసమేనని బడి టీచర్లు అనుకుంటారు. బాగుందని మెచ్చుకుంటారు కూడా. శరత్ ఇంకా బెంగళూరు వెళ్లలేదు. వేషాలన్నీ ఇప్పటికీ పద్మావతే కుడుతోంది. ఆమె వాల్మీకి గడ్డం దువ్వుతుండగానే, ఆ రోజుకు కావలసిన సూదుల్లో దారాలు ఎక్కించి కస్తూరి చిన్న గుడ్డదిండుకు గుచ్చిపెడుతుంది.