నెమాని అందుకున్న తిమింగలం పన్ను

బస్టాండు పక్క మార్కెట్లో చేమదుంపలు అమ్ముకుంటూ వాసెవా తిట్టని మంత్రి లేడు. ఆమె నోటికి జడిసి కూరగాయల తనిఖీవాడు చుట్టూ తిరిగి వెళ్లేవాడు. అలాంటి మనిషి ఇప్పుడు గుమ్మంలో చాప అల్లుకుంటూ, పలకరిస్తే తల ఊపుతుంది. చూస్తే పక్కింట్లో ఉండే నాకు కడుపు మండుతుంది.

ఫిజీలో సైన్యం గద్దెనెక్కాక, ఆమె కొడుకు ఇసికేలీ బస్టాండులో మైకు పట్టుకుని "ఎన్నికలెప్పుడు?" అని అడిగాడు. అంతే. ఉన్నమాటంటే ఉలుకెక్కువ. శిబిరానికి ఈడ్చుకుపోయి కొట్టారు. వాడి ఎడమ చెవి ఇక వినపడదు.

"కోర్టులో చెబుతా. కొట్టినోళ్ల పేర్లతో సహా చెబుతా," అంది వాసెవా. రాజధాని సువా నుంచి లాయరు బయలుదేరుతున్నానని కబురు పెట్టాడు.

లాయరు కంటే ముందు సైన్యం ఆఫీసరు దిగాడు. చేతిలో తిమింగలం పన్ను. వాసెవా అన్న నెమాని ఇంట్లో మోకాళ్ల మీద కూర్చుని, కన్నీళ్లు పెట్టుకుని మన్నించమన్నాడు. ఇంటిపెద్ద ఆ పన్ను అందుకుంటే తప్పు పాతిపెట్టినట్టే, ఇంటిల్లిపాదిలో ఎవరూ మళ్లీ ఆ ఊసెత్తకూడదు. మా ఆచారం వాడికి మా కంటే బాగా తెలుసు. బయట లారీ నిండా సైనికులు.

మాలో ఎదిగిన అన్నాచెల్లెళ్లు నేరుగా మాట్లాడుకోరు. వంటింట్లో వాసెవా వదిన చెయ్యి పట్టుకుని గుంజింది.

"కెలేరా వదినా, తీసుకోవద్దని చెప్పవే! నీ కాళ్లు పట్టుకుంటా."

"మగాళ్ల మధ్యకి ఇప్పుడెట్లా పోనే? కాసేపాగు."

ఆ కాసేపట్లోనే నెమాని రెండు చేతులా అందుకున్నాడు. ఒప్పుకోలు గుర్తుగా దోసిలి చప్పట్లు మోగాయి, కావా పానీయం చిప్ప చేతులు మారింది.

మర్నాడు లాయరు వచ్చాడు. "చెప్పమ్మా, మీవాణ్ణి ఎవరు కొట్టారు?"

వాసెవా అన్న ఇంటివైపు చూసింది. నోరు విప్పితే అన్న మాట తప్పినవాడవుతాడు. విప్పకపోతే కొడుకు దెబ్బలకి దిక్కు లేదు.

"అయిపోయింది బాబూ. వెళ్లిరా."

ఇసికేలీ వినపడే చెవి తల్లివైపు తిప్పి పెట్టుకుని కూర్చున్నాడు, ఇంకేమైనా అంటుందేమోనని.

ఆ సాయంత్రం వాసెవా అన్న గడప ఎక్కింది. చిన్నతనంలో ఆపేసిన పిలుపు పిలిచింది.

"అన్నయ్యా, ఆ పన్ను పుచ్చుకుని నా నోరు వాళ్ల చేతిలో పెట్టావు."

నెమాని ఉలిక్కిపడ్డాడు. చెల్లెలి ముఖం చూడలేదు. భార్యవైపు తిరిగి అడిగాడు:

"ఏమంటోంది?"