పూజ కాని కారు

ఇవాళ జ్వరంతో ఉన్న బిడ్డను టాక్సీలో ఆసుపత్రికి తీసుకెళ్తుంటే, పాత తోలుసీటు వాసనకు నా ఒళ్లు మండింది.

నాకు ఆరేళ్లప్పుడు, హన్మకొండలో బట్టల దుకాణం నడిపే నాన్న ఎవరో వాడిన చిన్న కారు కొన్నాడు; దాని సీట్లదీ ఇదే వాసన. మర్నాడే చెల్లికి జ్వరం వచ్చింది.

"కారు తీయుండ్రి, దవాఖానకు పోదాం," అంది అమ్మ.

"పూజ గాని బండిల రోగమున్న పిల్లను ఎవలన్న ఎక్కిస్తరా? శుక్రవారం దాంక ఆగు," అన్నాడు నాన్న.

నేనూ కారు తలుపుకు అడ్డంగా నిలబడ్డాను. "ఎక్కకే అమ్మా, కారుకు అరిష్టం!"

అమ్మ చెల్లిని భుజాన వేసుకుని ఎండలో నడిచి వెళ్లింది.

చెల్లి కోలుకుంది. శుక్రవారం పూజయ్యాక నాన్న అమ్మను ముందుసీట్లో కూర్చోమన్నాడు.

"నాకు కాళ్లున్నయి," అంది అమ్మ.

కారంటే భయపడుతోందని నాన్నా నేనూ నవ్వుకున్నాం. ఆ నవ్వు మీద నాకు ఇప్పటికీ కోపమే.